పుట్టింటికి వెళ్ళిన కొండవాలు

పోయిన నెల గుడివాడ నుంచి ఇద్దరమ్మాయిలు బందరులో మా ఇంటికి వచ్చారు. కనుమరుగైపోతున్న చిన్న భాషలను నమోదు చేసే ప్రాజెక్టులో ఇద్దరికీ కొత్తగా ఉద్యోగాలు వచ్చాయి. కాఫీ తాగుతూ ఒకమ్మాయి, "ఏ రికార్డరు కొనుక్కోమంటారు మేడం? గాలి చప్పుడు పడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. చెప్పాను. మైకుకి వేసే తొడుగు గురించి, అదనపు బ్యాటరీల గురించి, జలుబు మాత్రల గురించి కూడా చెప్పాను. శ్రద్ధగా రాసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళారు.

వాళ్ళ ఆటో సందు మలుపు తిరిగాక నాకు సిగ్గేసింది. ఈ ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్న విషయం ఆ పిల్లలకి చెప్పలేదు. చెప్పాలంటే నా నోటిమాట వల్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకని రాస్తున్నాను.

కొండెక్కిన వరి

మాది పెడన. నాన్న మగ్గం నేసేవారు. ఇంట్లో మగ్గం చప్పుడు, పక్క వీధిలో కలంకారీ అచ్చులు కొట్టే చప్పుడు వింటూ పెరిగాను. చదువుకునే రోజుల్లో పట్టుదలకి పోయి చైనా భాష నేర్చుకున్నాను. ఆ ఒక్క కారణం చేతనే యున్నాన్ రాష్ట్రంలోని చిన్న భాషల మీద పనిచేసే ఒక పరిశోధన బృందం నన్ను తీసుకుంది. అలా పద్నాలుగేళ్ళు వెళ్తూ వస్తూ ఉన్నాను.

యున్నాన్ చైనాకి నైరుతి మూల. అవతల బర్మా, లావోస్, వియత్నాం. రాజధాని కున్మింగ్ నుంచి దక్షిణంగా ఒక పగలంతా బస్సులో వెళ్తే ఎర్ర నది లోయ వస్తుంది. మొదటిసారి అక్కడ బస్సు దిగి తలెత్తి చూసి నోరు తెరిచేశాను. కింద నది దగ్గర మొదలై పైన మబ్బుల దాకా కొండ మొత్తం వరిమళ్ళే. మెట్లు మెట్లుగా, ప్రతి మెట్టులోనూ నిండా నీళ్ళు. మొవ్వలో మా మేనమామ గారి చేను గట్టు మీద నిలబడితే ఎంత దూరం చూసినా నేల పీటలా ఉంటుంది. వరి అంటే పల్లంలో పండేదని తప్ప నాకు ఇంకోటి తెలియదు. ఇక్కడ వరిని నిలబెట్టి పండిస్తున్నారు.

ఆ కొండ మీద ఎత్తుని బట్టి భాష మారుతుంది. నది పక్కన దై జనం. మధ్యలో హానీలు. ఆపైన యీలు, ఇంకా పైన మియావోలు. ఒక ఊరి నుంచి పై ఊరికి గంట నడిస్తే మాట అర్థం కాదు. సంతలో కలిసినప్పుడు ఎవరికి తోచిన భాషలో వాళ్ళు బేరమాడతారు, బేరం మాత్రం కుదురుతుంది.

మాకు హానీ గ్రామం ఒకటి అప్పగించారు. మొదటి రోజు మాటల జాబితా పట్టుకుని ఒక పెద్దావిడ ముందు కూర్చున్నాను. ఎనభై దాటిన మనిషి, నీలం చొక్కా, చేతిలో ఎప్పుడూ ఏదో పని. ఊరంతా ఆవిడని 'ఆపీ' అనేవారు. అంటే నానమ్మ. ఆవిడ మనవడు బోలూ నాకు దుబాసీ. ముప్పై ఏళ్ళుంటాయి, ఆ ఊరి బళ్ళో పంతులు.

"నేలని మీ భాషలో ఏమంటారు?" అని అడిగాను.

ఆపీ నవ్వి ఏదో అంది. బోలూ చెప్పాడు: "ఏ నేల అని అడుగుతోంది టీచర్. నీళ్ళు పట్టేదా, నీళ్ళు తాగేసేదా, పట్టినట్టు నటించేదా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. రేగడి వేరు, చవుడు వేరు, ఒండ్రు వేరు అని మా వైపు ఏ రైతుని అడిగినా చెప్తాడు. ఈవిడ మన మనిషే అనుకున్నాను. అలా అనుకోవడమే ముందు ముందు నా కొంప ముంచింది.

లిన్ మేడం గడులు

మా బృందానికి పెద్ద లిన్ మేడం. గొప్ప పండితురాలు. ఒక్క అక్షరం ఎత్తుపల్లాలు తేడా పడినా చెవితో పట్టేసేది. ఎండలో పనిచేసే మమ్మల్ని మందలించేది, జ్వరం వస్తే తనే గంజి కాచి తెచ్చేది. ఆవిడ మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ నిజం చెప్పాలి. ఆవిడ ఏ పల్లెలోనూ నెల రోజులు ఉండలేదు. ఆవిడ తయారుచేసిన పట్టికలో గడులుండేవి: శరీరం, చుట్టరికం, నేల, నీరు, పంట, కథలు, సామెతలు. విన్న ప్రతి మాటా ఏదో ఒక గడిలో పడాలి, ఒకే గడిలో పడాలి.

"రెండు చోట్ల రాస్తే లెక్క చెడుతుంది," అనేది. "నీకు అనుమానం వస్తే కథల్లో వెయ్యి."

మొదటి ఏళ్ళలో ఆ మాటకి నేను ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. మంచి బాస్ చెప్పినంత మాత్రాన మాట మంచిదైపోదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

కోడలు

రెండో ఏడు మేము ఊరి చుట్టూ ఉన్న చోట్ల పేర్లు సేకరించాం. ఊరికి పడమట, పొలాలకి ఎగువన, పొదలు పెరిగిన ఖాళీ కొండవాలు ఒకటి ఉండేది. ప్రభుత్వ పటంలో దాని పేరు చైనా అక్షరాల్లో 'శాంతి వాలు' అని ఉంది. చిన్న భాషల పేర్లని వెనకటి గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా, శుభమైన అక్షరాలు ఏరి రాసేవారు. శబ్దం కొంచెం మిగులుతుంది, అర్థం ఎగిరిపోతుంది.

"దీన్ని మీరేమంటారు?" అని ఆపీని అడిగాను. చెప్పింది. బోలూ చైనా భాషలో చెప్పినదానికి తెలుగు ఇది: "కోడలు అంటాం టీచర్. పుట్టింటికి వెళ్ళే కోడలు."

నాకు నవ్వాగలేదు. "ఎందుకట?"

ఆపీ చేతిలో కూరాకు పక్కన పెట్టి చెప్పింది. ఏళ్ళ తరబడి నోరెత్తకుండా కాపురం చేస్తుందట. ఒక వానాకాలం ఉన్నట్టుండి ఇంట్లో సామానంతా మూటగట్టుకుని నది దగ్గర ఉన్న పుట్టింటికి వెళ్ళిపోతుందట. అలకలు, పుట్టిళ్ళు, మూటలు. మా పెడన అరుగుల మీద అమ్మలక్కలు చెప్పుకునే కబురులాగే ఉంది. నేను పడీ పడీ నవ్వాను. బోలూ నవ్వాడు. ఆపీ ఇంకా ఏదో చెప్తూనే ఉంది. నేను రికార్డరు ఆపకుండానే పుస్తకం తెరిచి కథల గడిలో 'అలిగిన కోడలు' అని రాసుకున్నాను. పక్కన చిన్న చుక్క కూడా పెట్టాను, ఎక్కడైనా వ్యాసంలో వాడుకుందామని.

మీటింగు

ఆ మరుసటి ఏడు ఊళ్ళో పాత మట్టి ఇళ్ళు కొన్ని పాడైపోయాయని, వాటిలో ఉన్నవాళ్ళకి కొత్తగా పక్కా ఇళ్ళు కట్టాలని నిర్ణయించారు. దారికి దగ్గరగా, ఎండ బాగా తగిలేచోటు ఆ పడమటి వాలే. ఇళ్ళు కట్టించే బాధ్యత ఉన్న ఇంజనీరు యాంగ్ గారు. నెమ్మదస్తుడు, నోటితో కంటే పెన్సిల్‌తో ఎక్కువ మాట్లాడే మనిషి. ఊరివాళ్ళ భాష తెలిసినవాళ్ళని కూడా సంప్రదించాలని ఆయనే పట్టుబట్టి మమ్మల్ని పిలిచారు. లిన్ మేడం నన్ను పంపింది.

గదిలో పది మందిమి. గోడకి పటం. ఆపీని ఎవరూ పిలవలేదు. పిలవాలని నాకూ తోచలేదు. ఆవిడ మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి కదా.

యాంగ్ గారు వాలు మీద పెన్సిల్ ఆనించి అడిగారు. "ఇక్కడివాళ్ళు దీనికి వేరే పేరు వాడతారని విన్నాను. ఆ పేరుకి ఏమైనా అర్థం ఉందా టీచర్ గారూ?"

ఎంత సరైన ప్రశ్న! అడగవలసిన ప్రశ్నని, అడగవలసిన మనిషి, అడగవలసిన సమయంలో అడిగారు.

నేను చిరునవ్వుతో చెప్పాను. "కోడలు అంటారండీ. అలిగి పుట్టింటికెళ్ళే కోడలి కథ. మా దేశంలోనూ ఇలాంటి కథలు చాలా ఉన్నాయి." కథంతా రక్తి కట్టేలా చెప్పాను. గదిలో అందరూ నవ్వారు. యాంగ్ గారు కూడా నవ్వి, ఏదో రాసుకుని, తర్వాతి విషయానికి వెళ్ళారు.

మెసేజి

కొత్త ఇళ్ళు కట్టి జనం చేరాక వచ్చిన వానాకాలంలో నేను కున్మింగ్‌లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఫోనులో బోలూ మెసేజి కనిపించింది. ఒకే వాక్యం.

"టీచర్, కోడలు వెళ్ళిపోయింది."

బోలూ తమ్ముడికి ఆ ఏడే పెళ్ళయింది. ఏం గొడవ జరిగిందో పాపం అనుకున్నాను. "ఎవరి కోడలు?" అని జవాబు పెట్టాను.

నిజంగానే అలా అడిగాను. ఆ మెసేజి నా ఫోనులో ఇప్పటికీ ఉంది.

అతను జవాబివ్వలేదు. పది నిమిషాలకి లిన్ మేడం తన గదిలోంచి నడిచి వచ్చింది. ఆ ఊళ్ళో కొండచరియ విరిగిందని చెప్పింది. నాకు మాట అర్థమవుతోంది, బుర్రలోకి ఎక్కడం లేదు. నేను చేతిలో ఉన్న టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని మెట్లు దిగి వీధి దాకా వెళ్ళాను.

రోడ్డు తెగిపోవడంతో ఊరు చేరడానికి నాకు మూడు రోజులు పట్టింది. వెళ్ళి చూస్తే వాలు లేదు. కొండకి తోలు వలిచినట్టు ఎర్రగా, తడిగా, చాలా వెడల్పుగా ఒక చార. ఆ చార కింద పొలాలను తుడుచుకుంటూ నేరుగా నదిలోకి దిగింది. కొత్తగా కట్టిన పద్నాలుగు ఇళ్ళలో ఒక్కటి కూడా లేదు. పట్టపగలు జరగడం వల్ల, ఎక్కువమంది తూర్పు వైపు పొలాల్లో కలుపు తీస్తూ ఉండడం వల్ల చాలామంది బతికారు. ఇళ్ళ దగ్గరున్న ఏడుగురు పోయారు. నడవలేనివాళ్ళు, పసివాళ్ళని చూసుకుంటున్నవాళ్ళు.

అందులో ఆపీ ఉంది.

బోలూ బడి గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, బెంచీ తుడిచి కూర్చోమన్నాడు. నేను బెంచీ మీద కాకుండా అతని పక్కన నేల మీదే కూర్చున్నాను.

"ఆపీ కొత్త ఇంటికి రానంది టీచర్," అన్నాడు. "రెండు నెలలు పాత ఇంట్లోనే ఒక్కతీ ఉంది. చివరికి నేనే ఒప్పించాను. ఏమని చెప్పానో తెలుసా?"

అతనే చెప్పాడు.

"ఇన్ని దేశాలు తిరిగిన టీచరే మీటింగులో అది కథ అన్నారు, నువ్వెందుకు భయపడతావు అన్నాను."

అరవలేదు, ఏడవలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాడు. అరిచి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పాత రికార్డింగు విన్నాం. కథ అయిపోయాక ఆపీ ఇంకా ఏదో చెప్తూ ఉందని అన్నాను కదా. ఆ మాటలు నేను ఎప్పుడూ రాయించలేదు. కథ అయిపోయింది కాబట్టి అవసరం లేదనుకున్నాను. బోలూ చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఒక్కో మాటే చెప్పాడు.

"మా అమ్మమ్మ చూసింది అంటోంది... ముందు ఊటలు ఎండిపోతాయి... తర్వాత చెట్లన్నీ ఒకే వైపు వంగుతాయి... ఆ తర్వాత..."

ఆగిపోయాడు.

"ఆ తర్వాత?"

"వినపడటం లేదు టీచర్. మీ నవ్వు పడింది."

రెండో ప్రశ్న

రోడ్డు బాగయ్యాక యాంగ్ గారి దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదని చెప్పాను. కథ కాదని, ఆ వాలు అంతకు ముందు కూడా జారిందని, ఆ సంగతి నా దగ్గర రికార్డులో రెండేళ్ళుగా ఉందని చెప్పాను. ఆయన పెన్సిల్ చెక్కుతూ విన్నారు.

"మట్టి పరీక్షల్లో కూడా అంతా బాగానే ఉందనే వచ్చింది," అన్నారు. "మీ మాట ఒక్కటే కాదు. నేను అడిగాను. నాకు కావలసిన జవాబే వచ్చింది. అందుకే రెండోసారి అడగలేదు."

ఆయన నన్ను ఓదార్చడానికి అన్నారో, తనని తాను తిట్టుకున్నారో నాకు తెలియదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం.

ఉద్యోగం మానేసి వచ్చేద్దామనుకున్నాను. బందరు వచ్చి నాలుగు నెలలు ఉన్నాను కూడా. మంగినపూడి దాకా వెళ్ళి సముద్రం చూసి తిరిగొచ్చేదాన్ని. అన్నం సహించేది కాదు. అక్కడి నుంచి బోలూ ఫోన్ చేశాడు. "టీచర్, మిగతా పేర్లు కూడా మనం కథల్లోనే వేశాం. వాటి సంగతేంటి?" అన్నాడు. అంతే అడిగాడు. రమ్మని అనలేదు.

వెళ్ళాను. పట్టికలు పక్కన పడేసి ఒక పంటకాలం అంతా ఇద్దరం కొండ మొత్తం నడిచాం. ఈసారి పేరు అడిగి ఊరుకోలేదు. ఆ చోటు ఏం చేసింది, ఎవరు చూశారు, చూసినవాళ్ళు ఏమన్నారు అని అడిగాం. నవ్వొస్తే నోరు మూసుకున్నాను. ఊటలు ఎండిపోయిన చోట్లు, చెట్లు వంగిన చోట్లు కళ్ళతో చూశాం. లిన్ మేడం కోప్పడింది, ఇది భాషాశాస్త్రం కాదంది. తర్వాత తనే డెబ్బై ఏళ్ళ వయసులో కర్ర పట్టుకుని వచ్చి పదిరోజులు మాతో నడిచింది. క్షమాపణ అడగడం ఆవిడకి చేతకాదు. నడవడం చేతనయింది.

మేము ఇచ్చిన జాబితా చూసి యాంగ్ గారు ఒక వాలు కింద ఉన్న ఆరు ఇళ్ళు వేరేచోటికి మార్పించారు. ఆ వాలు ఇప్పటిదాకా కదల్లేదు. అనవసరంగా ఊడబెరికారని ఆ ఆరిళ్ళవాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని తిట్టుకుంటారని బోలూ చెప్పాడు. తిట్టుకోనీ.

సవారి మెరక

రిటైరై వచ్చాక ఇక్కడ ఇలాంటి పని నాకేం ఉంటుందిలే అనుకున్నాను. ఇక్కడ అందరిదీ తెలుగే కదా, ఎవరి పేరు ఎవరికి అర్థం కాదు?

రెండేళ్ళ క్రితం దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో తుఫాను షెల్టరు కట్టబోతున్నారని తెలిసింది. తెలిసినవాళ్ళ అమ్మాయి స్థలం చూసే కమిటీలో ఉంది. ఎంచుకున్న స్థలం పేరు కాగితాల్లో 'సవారి మెరక'. అదేం పేరని ఆ అమ్మాయిని అడిగాను. "పూర్వం జమీందారు గుర్రపు సవారీ చేసేవాడటండీ," అంది. ఆ జవాబు నాకు కోడలి కథలా వినిపించింది. మరీ చక్కగా అతికిపోయింది.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళని అడిగితే నాంచారమ్మని అడగమన్నారు. చేపలు ఎండబెట్టుకునే మనిషి, నా కంటే పదేళ్ళు పెద్ద. పక్కన కూర్చుని ఆ చోటుని ఏమంటారని అడిగాను.

"ఏవంటారమ్మా, శవాల మెరక," అంది చేప తిప్పుతూ.

నేను పుస్తకం తెరవలేదు. ఎదురుచూశాను.

"ఉప్పెనప్పుడు నీళ్ళు ఆడిదాకా వొచ్చి ఆగినయ్యి. కొట్టుకొచ్చినోళ్ళందర్నీ ఆడే వొదిలేసి ఎనక్కిపోయినయ్యి. మా అత్త ఆడే దొరికింది."

డెబ్బై ఏడు ఉప్పెన నాటికి నేను బడికెళ్ళే పిల్లని. ఆ వారం మా నాన్న, వీధిలో మిగతావాళ్ళు, మగ్గాల మీదున్న తెల్లబట్ట ఉన్నదున్నట్టు కోసి లారీకెక్కించడం నాకు గుర్తుంది. ఎక్కడికి నాన్నా అంటే దివికి అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఇన్నేళ్ళు ఎవరెవరి మాటలో ఏరుకున్న నేను, ఇంటికి ఇంత దగ్గర్లో ఉన్న ఈ మాట ఎప్పుడూ వినలేదు. అక్కడ భాష తెలియక అర్థం పోగొట్టుకున్నారు. ఇక్కడ వినడానికి బాగోలేదని ఎవరో అక్షరాలు మార్చారు.

షెల్టరు మీటింగుకి నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడనన్నాను. నాంచారమ్మని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళి, అధికారి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ ముందు కింద కూర్చుంటానంది, ఒప్పుకోలేదు. ఊరందరికీ చెప్పినట్టే చెప్పింది. ఆ మెరక మీద కూడా నీళ్ళు ఎంత లోతు వచ్చాయో తన గెడ్డం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

కుర్ర అధికారి, మంచివాడు. ఉండబట్టలేక అడిగాడు. "మరి అలాంటి పేరు ఎవరు పెట్టారమ్మా?"

"ఎవరు పెడతారు బాబూ," అంది. "మోసినోళ్ళు పెట్టారు."

అతను వెంటనే ఏమీ రాసుకోలేదు. వారం తర్వాత వచ్చి, ఆవిడతో కలిసి మెరకంతా నడిచి, ఎత్తు కొలిపించాడు. షెల్టరు ఇప్పుడు ఊరికి ఉత్తరాన, ఇంకా ఎత్తయిన చోట లేస్తోంది. పేరు మాత్రం మారలేదు. శవాల మెరక అని బోర్డు మీద రాయడానికి ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు, పిల్లల పెళ్ళిళ్ళు కావన్నారు. నేను గట్టిగా వాదించబోతే నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రాయకపోతే పోనీలెండమ్మా. అడిగినోళ్ళకి నేను సెప్తాగా," అంది. ఒక్క క్షణం ఆగి, నా ముఖంలోకి చూసి, "నా తర్వాత మీరు సెప్పండి," అంది.